టాటూ షాపులు మూయించకండి, లైసెన్సు పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

టాటూ షాపులన్నిటినీ ప్రభుత్వం మూయించాలని ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో ఒక పెద్దాయన రాశారు. పిల్లలు చెడిపోతున్నారు, రోగాలు అంటుకుంటున్నాయి, ఇది మన సంస్కృతి కాదు అని మూడు కారణాలు చెప్పారు. మూడోదానికి జవాబు వాళ్ల నాయనమ్మ చేతుల మీదే ఉండి ఉంటుంది, పాత ఫొటోలు ఒకసారి తీసి చూసుకోమనండి. పిల్లలు దేనివల్ల చెడిపోతారో నాకు తెలియదు కాబట్టి మొదటిది వదిలేస్తాను. రోగాల సంగతి మాత్రం నిజంగా మాట్లాడుకోవాల్సిందే, అదీ ముందు మాలాంటి వాళ్లే మాట్లాడాలి. నేను తెలంగాణలో ఒక మోస్తరు పట్టణంలో టాటూలు వేస్తాను, చెవులు ముక్కులు కూడా కుడతాను, ఇల్లు గడిచేది దీనిమీదే. మమ్మల్ని ఎవరూ తనిఖీ చెయ్యకపోవడమే అసలు సమస్య, తనిఖీ పెట్టండి మహాప్రభో అని నేను మొత్తుకుంటున్నాను.

మరి ఇప్పుడు లైసెన్సు లేదా అంటారేమో. ఉంది, మున్సిపాలిటీ ఇచ్చే ట్రేడ్ లైసెన్సు. గాజుల కొట్టుకీ జెరాక్స్ సెంటరుకీ ఏది ఇస్తారో అదే. షాపు ఎన్ని చదరపు అడుగులు, ముందున్న రోడ్డు వెడల్పెంత, దాన్నిబట్టి ఫీజు. అద్దె అగ్రిమెంటు పెట్టాలి, బోర్డు గురించి చెప్పాలి, చెత్తబుట్ట ఉండాలి. ఆ చెత్తబుట్టలో ఏం పడుతుందో ఎవరికీ పట్టదు. రోజూ మనుషుల చర్మం కింద సూది దించే పని ఇది, ఆ సూది అనే మాట మాత్రం ఏ ఫారంలోనూ కనబడదు.

లోపల ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ విషయం మీద రాసేవాళ్లలో ఎక్కువమంది షాపులోకి వచ్చి చూసినవాళ్లు కారు. కస్టమర్ కూర్చోగానే అడిగే మొదటి ప్రశ్న, సూది కొత్తదేనా అన్నా అని. కళ్లముందే ప్యాకెట్ చింపి చూపిస్తే ధైర్యంగా చెయ్యి చాపేస్తాడు. సూది ఒక్కటి కొత్తదైతే సరిపోదు. ఇప్పుడు మేం వాడేవి కార్ట్రిడ్జ్‌లు, సూదులు లోపలే అమర్చి వస్తాయి, మిషన్‌కి తగిలించి పనయ్యాక పారేస్తాం. మంచి కార్ట్రిడ్జ్‌లో సన్నటి రబ్బరు పొర ఉంటుంది, ఇంకూ నెత్తురూ వెనక్కి మిషన్‌లోకి పోకుండా అది ఆపుతుంది. చవక రకాల్లో కొన్నిటికి ఆ పొర ఉండదు. అప్పుడు సూది కొత్తదే అయినా మిషన్ లోపల నిన్నటి మనిషి నెత్తురు ఉండొచ్చు. ఇంకు సంగతీ అంతే. చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో పోసుకుని, నెత్తురంటిన సూదిని గంటసేపు అందులోనే ముంచుతూ పని చేస్తాం, చివర్లో కప్పుతో సహా పారెయ్యాలి. మిగిలిన నాలుగు చుక్కలు పోతాయని మళ్లీ సీసాలో ఒంపేవాళ్లు ఉన్నారు. ఇక గ్లౌజులు వేసుకున్న చేత్తోనే ఫోనెత్తి మాట్లాడి, లైటు సర్దుకుని, స్ప్రే బాటిల్ పట్టుకుని, అదే చేత్తో పచ్చి చర్మాన్ని తుడవడం ఎంత మామూలంటే వాళ్లు పెట్టుకునే రీల్స్‌లోనే అది కనిపిస్తుంది, దాచుకోవాలని కూడా అనిపించదు పాపం. నెత్తురు ద్వారా అంటుకుని కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బతుకుతుంది. ఎండిపోయి కంటికి కనబడని మరక చాలు.

చాలా షాపుల్లో నీలం లైటు వెలిగే ఒక డబ్బా కనిపిస్తుంది, మీద స్టెరిలైజర్ అని రాసి ఉంటుంది. బ్యూటీ పార్లర్ సామాన్లు అమ్మే చోట దొరుకుతుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ వాడిన పనిముట్లని దాంట్లో పెడితే స్టెరిలైజ్ కావు. ఒత్తిడి మీద 121 డిగ్రీల ఆవిరిలో కనీసం పావుగంట ఉంచాలి, దానికి ఆటోక్లేవ్ ఉండాలి, లేదంటే అన్నీ ఒక్కసారి వాడి పారేసేవే కొనుక్కోవాలి. ఈ తేడా కస్టమర్‌కి ఎలా తెలుస్తుంది? హోటల్‌కి వెళ్లినవాడు వంటింట్లోకి తొంగిచూసి తినడు కదా, ఆ చూసే పని ఫుడ్ ఇన్‌స్పెక్టర్‌ది. మాకు ఆ ఇన్‌స్పెక్టరే లేడు.

ఇంకు దగ్గరికి వద్దాం. పేరున్న కంపెనీ సీసా వెయ్యి రూపాయలు దాటుతుంది. అదే లేబుల్, అదే మూతతో ఆన్‌లైన్‌లో రెండు మూడొందలకే వస్తుంది, లోపల ఏముందో పోసినవాడికే తెలియాలి. కర్ణాటక ప్రభుత్వం 2025లో టాటూ ఇంకులు పరీక్ష చేయిస్తే 22 రకాల లోహాలు బయటపడ్డాయని, వాటిలో ఆర్సెనిక్, క్రోమియం, సెలీనియం లాంటివి ఉన్నాయని ఆరోగ్య మంత్రి దినేశ్ గుండూరావే చెప్పారు. ఇంకులకి ప్రమాణాలు పెట్టమని కేంద్రాన్ని అడుగుతామని కూడా అన్నారు. అంటే పక్క రాష్ట్రం కనీసం సీసా మూత తీసి చూసింది, మన రెండు తెలుగు రాష్ట్రాలు కూడా ఆపాటి పరీక్ష చేయిస్తే ఏం పోతుంది? యూరోపియన్ యూనియన్‌లో 2022 జనవరి నుంచి టాటూ ఇంకుల్లో దాదాపు నాలుగు వేల రసాయనాల మీద పరిమితులు ఉన్నాయి, ఆ మరుసటి ఏడాది ఒక నీలం, ఒక ఆకుపచ్చ రంగు కూడా ఆపేశారు. అక్కడ అమ్ముకోలేని సరుకు ఎక్కడికి వెళ్తుంది, ఎవరూ అడగని చోటికే వెళ్తుంది. నేను వకీలుని కాదు గానీ, మన 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టంలో సౌందర్య సాధనం అంటే ఒంటికి పూసేవి, చల్లేవి మాత్రమే కాదు, అందం కోసం ఒంట్లోకి పంపేవి కూడా అనే ఉంది. టాటూ ఇంకుని దాంట్లో చేర్చుకోవడానికి ఇంకేం కావాలో నాకు అర్థం కాదు.

మత్తు క్రీము గురించి అసలు ఎవరూ మాట్లాడరు. నొప్పి తెలియకుండా ఉండటానికి లిడోకెయిన్ ఉన్న క్రీము రాసి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి, గంట కూర్చోబెడతారు. ట్యూబు మీద రాసిన శాతం నిజమో కాదో తెలియదు. 4 శాతం మించిన లిడోకెయిన్‌తో ఇలా అమ్మే క్రీముల వల్ల గుండె లయ తప్పొచ్చని, ఫిట్స్ రావొచ్చని, టాటూలకి వాడొద్దని 2024 మార్చిలో అమెరికాలో మందుల్ని నియంత్రించే ఎఫ్‌డీఏ హెచ్చరించింది. వీపు మొత్తం టాటూ వేయించుకునే కుర్రాడికి వీపంతా ఈ క్రీము పూసి కవరు చుట్టేస్తే అది మందు ఇచ్చినట్టా, మేకప్ వేసినట్టా? ఆ కుర్రాడు స్పృహ తప్పితే ఏం చెయ్యాలో నేర్పిన కోర్సు మన దగ్గర ఒక్కటి చూపించండి.

కోర్సులంటే గుర్తొచ్చింది. వారం రోజుల్లో టాటూ ఆర్టిస్ట్ అయిపోండి, సర్టిఫికెట్ గ్యారంటీ అని ప్రకటనలు మీరూ చూసే ఉంటారు. నాలుగైదు వేలు పెడితే ఆన్‌లైన్‌లో కిట్ ఇంటికి వస్తుంది, మిషను, సూదులు, రంగులు, నేర్చుకోవడానికి ఒక రబ్బరు చర్మం ముక్క. ఆ ముక్క రెండ్రోజుల్లో అయిపోతుంది, మూడో రోజు నుంచి దోస్తుల చేతుల మీద ప్రాక్టీసు. గీత వంకర పోతే పోయింది, కానీ లోతు తప్పితే గడ్డలు కడుతుంది, చీము పడుతుంది. బొమ్మ బాగా గీస్తాడా లేదా అనేది ప్రభుత్వం చూడక్కర్లేదు, అది మార్కెట్ చూసుకుంటుంది. నెత్తురుతో పనిచేసే మనిషికి ఇన్ఫెక్షన్ అంటే ఏంటో తెలుసా, వాడు హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకున్నాడా, ఇది చూడాల్సింది ప్రభుత్వమే.

పనయ్యాక ఆ సూదులు ఎక్కడికి పోతున్నాయి? 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఆస్పత్రుల్లో వాడిన సూదుల్ని గుచ్చుకున్నా చిరగని తెల్లటి డబ్బాలో వేసి, విడిగా పంపాలి. నేను కూడా డబ్బా పెట్టుకున్నాను. నిండిన డబ్బా తీసుకుపొమ్మని సూదులు సేకరించే ఒక ఏజెన్సీని అడిగితే, మీది ఆస్పత్రి కాదు, క్లినిక్ కాదు, మీకు రిజిస్ట్రేషన్ ఎలా ఇస్తామండీ అన్నారు. వాళ్ల తప్పు కూడా కాదు, వాళ్ల జాబితాలో మా షాపనేది లేదు. చివరికి తెలిసిన ఒక డెంటల్ డాక్టర్ గారు తన డబ్బాతో పాటు పంపిస్తున్నారు, దానికి ఆయనకి దండం పెట్టాలి. ఆ పరిచయం లేనివాళ్లు ఏం చేస్తున్నారు? కవర్లో చుట్టి మామూలు చెత్తలో వేస్తున్నారు. పొద్దున్నే వచ్చి ఆ కవరుని ఒట్టి చేతులతో విప్పి తడి చెత్త, పొడి చెత్త వేరు చేసే అమ్మకి ఒక సూది గుచ్చుకుంటే, ఆమె జన్మలో టాటూ షాపు గడప తొక్కకపోయినా ఆ రోగం ఆమెకి రావొచ్చు. టాటూలు వేయించుకునేవాళ్ల ఖర్మ అని వదిలేసేవాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

2022 ఆగస్టులో వారణాసి నుంచి ఒక వార్త వచ్చింది, టాటూలు వేయించుకున్న పదిమందికి పైగా హెచ్‌ఐవీ బయటపడిందని. ఆ వారమంతా మా అందరి ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి, ఎప్పుడో వేయించుకున్నవాళ్లు కూడా టెన్షన్ పడి అడిగారు. నిజంగా అందరికీ టాటూ వల్లే వచ్చిందా అంటే ఎలా తేలుతుంది? ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఆ సూదితో ఇంకెవరికి వేశారు, ఏ ఇంకు వాడారు, దీనికి ఎక్కడా ఒక పుస్తకం లేదు. సంతలో కూర్చుని వేసినవాడు మర్నాడు ఇంకో ఊళ్లో ఉంటాడు. లైసెన్సు అంటే గోడకి తగిలించుకునే కాగితం అనుకుంటారు గానీ నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం ఈ రిజిస్టరే. కస్టమర్ పేరు, వయసు, తేదీ, ఇంకు బ్యాచ్ నంబరు, కార్ట్రిడ్జ్ లాట్ నంబరు, కింద సంతకం. ఒకరికి జబ్బు వస్తే మిగతావాళ్లని పిలిచి పరీక్ష చేయించొచ్చు, మా తప్పు లేకపోతే లేదని రుజువు కూడా అదే. మన దేశంలో టాటూ గానీ పియర్సింగ్ గానీ, అంటే చెవులు ముక్కులు కుట్టడం లాంటివి, చేయించుకున్నాక 12 నెలలు రక్తదానం తీసుకోరు. ఈ ముక్క చెప్పే షాపులు ఎన్ని? కాలేజీ రక్తదాన శిబిరంలో లైన్లో నిలబడ్డాక తెలుసుకుని వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ.

మా పట్టణంలో ఇంకో సమస్య ఉంది, నగరాల వాళ్లకి అంతగా తెలియకపోవచ్చు. ఇక్కడ పొద్దున అయిదింటికి గ్రౌండ్‌కి వెళ్తే సగం మంది ఆర్మీకో సీఆర్‌పీఎఫ్‌కో పరుగులు తీస్తుంటారు. వాళ్లలో ఒకడు వచ్చి కుడి చేతి మీద, ముంజేయి పొడుగునా అమ్మ అని పెద్దగా రాయమంటాడు. ఏ పరీక్ష రాస్తున్నావురా అని అడిగితే ఎస్‌ఎస్‌సీ జీడీ అన్నా అంటాడు, అంటే సీఆర్‌పీఎఫ్ లాంటి కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్ ఉద్యోగాల పరీక్ష. ఆ నోటిఫికేషన్‌లోనే స్పష్టంగా ఉంటుంది, టాటూ అయితే ఎడమ ముంజేయి లోపలి వైపు గానీ అరచేతి వెనక వైపు గానీ ఉండాలి, ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి, దేవుడి గుర్తు, పేరు లాంటివైతేనే ఒప్పుకుంటారు. కుడి చెయ్యి సెల్యూట్ చేసే చెయ్యి. అది చూపించి, ఎడమ చేతికి చిన్నగా వేస్తానంటే సగం మంది వింటారు, మిగతా సగం పక్క సందులోకి వెళ్లి వేయించుకుంటారు, ఏడాది తర్వాత పరుగు గెలిచి, రాత పరీక్ష గెలిచి, మెడికల్‌లో పోయి, అన్నా దీన్ని ఎలాగైనా తీసెయ్యవా అని మళ్లీ నా దగ్గరికే వస్తారు. లేజర్ అంటే ఒక్క పూటలో పోయేది కాదు, వారాల ఎడంతో చాలా సిట్టింగులు కావాలి, ప్రతిసారీ వేలల్లో ఖర్చు, అప్పటికీ మచ్చ ఉండిపోవచ్చు. వేసే ముందు ఈ నిబంధన చదివి వినిపించి సంతకం తీసుకోవాలని లైసెన్సు షరతుల్లో ఒక్క లైను పెడితే ఎన్ని ఉద్యోగాలు నిలబడతాయో.

పద్దెనిమిది ఏళ్లు నిండనివాళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన దగ్గర టాటూకి ఇంత వయసుండాలి అని ప్రత్యేకంగా చట్టం లేదు. బ్రిటన్‌లో పద్దెనిమిది లోపు వాళ్లకి వెయ్యకూడదని 1969లోనే చట్టం చేశారు. నేను ఆధార్ చూడకుండా వెయ్యను, ఆ కారణంగా పోయే బేరం మాత్రం రోజూ కళ్లముందే పక్క షాపుకి పోతుంటుంది. పద్ధతిగా ఉండేవాడికి నష్టం, లేనివాడికి లాభం. పెద్దాయన చెప్పిన నిషేధం వచ్చిందనుకోండి, ఆధార్ అడిగే మా షాపులే ముందు మూతపడతాయి, అడగనివాడు హాస్టల్ గదికే వచ్చి వేసి వెళ్తాడు. నిషేధాలు ఇంతకుముందు ఎక్కడా జరగనివేం కాదు. న్యూయార్క్ నగరంలో హెపటైటిస్ భయంతో 1961లో నిషేధించి 1997 దాకా ఉంచారు, ఆ ముప్పై ఆరేళ్లూ ఇళ్లలో చాటుగా నడిచింది. దక్షిణ కొరియాలో టాటూ వెయ్యడం వైద్యమే, డాక్టర్లు తప్ప ఎవరూ వెయ్యకూడదని 1992లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డాక్టర్లలో వేసినవాళ్లు చాలా తక్కువ, మిగతావాళ్లే చాటుగా వేశారు, పట్టుబడితే జరిమానాలు. చివరికి 2025 సెప్టెంబరులో వాళ్ల పార్లమెంటే టాటూ వేసేవాళ్లకి లైసెన్సు ఇచ్చే చట్టం చేసింది.

చెవులు కుట్టే విషయానికి వస్తే అందరూ నవ్వేస్తారు, అదేమన్నా ఆపరేషనా అని. పసిపిల్లకి కంసాలి బంగారు తీగతో కుట్టడం మనకి తరాల నుంచి ఉంది, చెయ్యి తిరిగినవాళ్లు చాలా చక్కగా కుడతారు. ఇప్పుడు భయమంతా ఫ్యాన్సీ షాపుల్లో పేల్చే గన్‌తో. ఆ ప్లాస్టిక్ గన్‌ని ఆటోక్లేవ్‌లో పెడితే కరిగిపోతుంది, అందుకని స్పిరిట్‌తో తుడిచి ఇంకొకరికి పేలుస్తారు. చెవి తమ్మె వరకైతే చాలాసార్లు నడిచిపోతుంది. పైన గట్టిగా ఉండే మృదులాస్థికి కూడా అదే గన్ వాడుతున్నారు, అక్కడ ఇన్ఫెక్షన్ వస్తే రక్తప్రసరణ తక్కువ కాబట్టి తొందరగా తగ్గదు, ముదిరితే చెవి ఆకారమే ముడుచుకుపోతుంది. పియర్సింగ్‌ని వదిలేసి టాటూలకి మాత్రమే రూలు పెడితే సగం పనే అవుతుంది.

లైసెన్సు అనగానే మా తోటి ఆర్టిస్టులకే గుండె దడ. ఇప్పటికే ఎవరెవరికి ఎంత ముట్టజెప్పాలో అన్న బాధలు చాలవా, ఇంకొకడు తోడవుతాడా అంటారు. ఆ భయం నాకూ ఉంది, లేదని అబద్ధం ఎందుకు చెప్పాలి. అందుకే దీన్ని పోలీసులకి కాకుండా ఆరోగ్య శాఖకి అప్పగించాలి, ఫీజు చిన్న షాపు భరించేలా ఉండాలి, తనిఖీలో ఏమేం చూస్తారో ముందే తెలుగులో అచ్చువేసి ఇవ్వాలి, తనిఖీ ఫలితం ఆన్‌లైన్‌లో అందరికీ కనబడేలా పెట్టాలి. ప్రజారోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోనే ఉంది, ఢిల్లీ నుంచి చట్టం రావాలని చూస్తూ కూర్చోనక్కర్లేదు.

ఎలా పెట్టాలో చూడాలంటే బ్రిటన్‌లో భాగమైన వేల్స్‌ని చూడొచ్చు, 2017లో చేసిన ప్రజారోగ్య చట్టం కింద 2024 నవంబరు నుంచి అక్కడ టాటూ, పియర్సింగ్, ఆక్యుపంక్చర్, కరెంటుతో వెంట్రుకలు తీసే ఎలక్ట్రాలిసిస్ నాలుగిటికీ ఒకే పద్ధతి తెచ్చారు. వేసే మనిషికి లైసెన్సు వేరు, షాపుకి ఆమోదం వేరు, మూడేళ్లకోసారి రెన్యువల్, ఇన్ఫెక్షన్ల గురించి ఒక చిన్న కోర్సు పాసవ్వాలి. నాకు బాగా నచ్చింది ఇంకోటి, ప్రదర్శనలూ ఉత్సవాల్లాంటి చోట్ల వేసేవాళ్లకి ఏడు రోజులకి మించకుండా తాత్కాలిక లైసెన్సు కూడా ఇస్తారు. ఇది మనకి ఎంత పనికొస్తుందో జాతరలకి వెళ్లినవాళ్లకి చెప్పక్కర్లేదు. రోడ్డు పక్కన బ్యాటరీ పెట్టుకుని, ఒకే సూదితో పొద్దుగూకే దాకా వందమందికి పొడిచేవాళ్లని తరిమేస్తే పక్క ఊరి తిరునాళ్లలో కూర్చుంటారు. అలా కాకుండా జాతర మొదలయ్యే ముందు ఆరోగ్య శాఖ టెంటులో పేరు రాయించుకుని, మనిషికొక సూది లెక్కన ప్యాకెట్లు, గ్లౌజులు, సూదులు వేసే డబ్బా వాళ్లకిచ్చి, సాయంత్రం డబ్బా వెనక్కి తీసుకుంటే ఖర్చెంతవుతుంది?

ఆదిలాబాద్ వైపు గోండు గూడేల్లో తోటి తెగ ఆడవాళ్లు, చాలా జిల్లాల్లో ఎరుకల ఆడవాళ్లు తరతరాలుగా పచ్చబొట్లు పొడుస్తున్నారు. మేం యూట్యూబ్ చూసి నేర్చుకున్నది వాళ్లకి చేతివేళ్లలో ఉంది. ఆర్మీ కూడా గిరిజనుల ఆచారం ప్రకారం ఉన్న పచ్చబొట్లకి మినహాయింపు ఇస్తుంది. అలాంటప్పుడు రేపు రూల్సు రాసేవాళ్లు పదో తరగతి సర్టిఫికెట్, ఏసీ గది, టైల్స్ నేల అని షరతులు పెడితే నగరాల్లో పెద్ద స్టూడియోలు బాగుపడి వీళ్లు నేరస్థులవుతారు. ఆ కమిటీ ఏదో వేస్తే అందులో చర్మ డాక్టర్లతో పాటు ఒక తోటి తెగ మహిళనీ, ఒక కంసాలినీ కూడా కూర్చోబెట్టండి, సూది శుభ్రం గురించి చెబితే వాళ్లకి అర్థం కాదనుకోవడం మన పొగరు.

చట్టం రావడానికి ఏళ్లు పడుతుందని తెలుసు. అప్పటిదాకా రెండు పనులు ఎవరి అనుమతీ లేకుండా చెయ్యొచ్చు. ట్రేడ్ లైసెన్సు రెన్యువల్ ఫారంలో టాటూ, పియర్సింగ్ షాపులకి ఒక పేజీ అదనంగా చేర్చి, సూదులు ఎవరికి ఇస్తున్నావు, ఇంకు బిల్లులు ఉన్నాయా, టీకా సర్టిఫికెట్ ఏది, కస్టమర్ రిజిస్టర్ చూపించు అని అడగమనండి. రెండోది, సూదులు సేకరించే ఏజెన్సీల జాబితాలో మా షాపుల్ని చేర్చమని కాలుష్య నియంత్రణ మండలి ఒక సర్క్యులర్ ఇస్తే చాలు, నెలకింత అని డబ్బు కట్టడానికి నేను సిద్ధం, నాకు తెలిసిన ఆర్టిస్టులు కూడా కడతామంటున్నారు. ఆ పెద్దాయన ఈ ఉత్తరం చదివితే మా షాపుకి ఒకసారి రమ్మనండి, ఆటోక్లేవ్ చూపిస్తాను, టీ కూడా తాగి వెళ్లొచ్చు.

ఇట్లు,
ఒక టాటూ ఆర్టిస్టు
తెలంగాణ